మూడో గదా, ఈతకొలనా

మట్టెవాడ, వరంగల్
అక్టోబరు

తిరుమలా,

ఫోన్ చేస్తే సగం మాట నీ అడవిలో పోతుంది, మిగతా సగం కింద దుకాణంలో ఉన్న గిరాకీలు వింటారు. ఆడబిడ్డకూ వదినెకూ మన పాత ఉత్తరాల పద్ధతే నయం. తీరిగ్గా కూర్చొని చదువుకో.

పెద్ద కబురు. మేము ఇల్లు మారుతున్నాం. దర్రీల, జంబుఖానాల దుకాణం ఎక్కడికీ పోదు. పైనున్న ఈ చీకటి గదులు సరుకుకు వదిలేసి, ఎక్కడైనా అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొందామంటే మీ అన్న ఒప్పుకున్నాడు. నేను రెండే షరతులు పెట్టాను. ఒకటి, మూడు పడకగదులు ఉండాలి. ఒకటి మాకు, ఒకటి బిడ్డ శ్రావణికి, మూడోది నీకు. ఇవాళ కాకపోతే రేపు నీకు ఇటు ట్రాన్స్‌ఫర్ వస్తుంది. రెండోది, స్విమ్మింగ్ పూల్ ఉండాలి.

మీ అన్న చాయ్ కప్పు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

“పూలా? బతుకమ్మకు పూలంటే తెత్త గని, గీ పూల్ ఏందే?”

“ఈత కొట్టేది.”

“నీకు ఈతొచ్చా?”

“రాదు. నేర్చుకుంట.”

మర్నాడే కిషన్ రావు అనే బ్రోకర్‌ను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన చూపించిన కాగితంలో నీలం నీళ్లు, పక్కన కొబ్బరిచెట్లు, నల్లకళ్లద్దాల అమ్మాయి. తీరా పోయి చూస్తే ఒక గొయ్యి, గొయ్యి నిండా సిమెంటు బస్తాలు. “గిదే అక్కా పూల్. నీళ్లు పోసుడే తక్వ” అన్నాడు. ఇంకోచోట నీళ్లున్నాయి గానీ, అది మన పెరట్లో నీళ్ల గోలెం కంటే కొంచెమే పెద్దది. నలుగురు దిగితే నీళ్లన్నీ బయటికి వచ్చి మనుషులే మిగులుతారు.

ఈసారి బతుకమ్మకు నేను పోలేదు. మెడ పట్టేసింది. శ్రావణిని పంపించాను. ఈ వయసులో ఈత పిచ్చి ఎందుకని మాత్రం అడక్కు. కొంతమందికి నగల మీద పుడుతుంది, నాకు నీళ్ల మీద పుట్టింది.

నీ వదినె,
వినోద


ఏటూరునాగారం
నవంబరు

వదినెకు,

నీ ఉత్తరం సబ్ సెంటర్‌లో చదువుతూ పైకే నవ్వాను. జ్వరం చూపించుకోవడానికి వచ్చిన ముసలవ్వ, “నర్సమ్మా, మంచి కబురా?” అంది. మా వదినె ఈత నేర్చుకుంటుందట అంటే, “అయ్యో, ఊరు మునిగిందా?” అని అడిగింది.

ఇక్కడ వానలు ఆగినా వాగులు ఆగలేదు. పోయిన వారం పిల్లల టీకాలకు అవతలి గూడెం పోవాల్సి వచ్చింది. నడుము లోతు నీళ్లు. ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెప్పే కొమురెల్లి సార్ టీకాల డబ్బా నెత్తిన పెట్టుకొని ముందు నడిచాడు, నేను ఆయన పట్టుకున్న కర్ర చివర పట్టుకొని వెనక నడిచాను. నాకూ ఈత రాదు కదా. దిగే ముందు భయపడ్డాను గానీ, మధ్యకు పోయాక నీళ్లు నన్ను మోస్తున్నట్టే అనిపించింది. నీ పిచ్చి అప్పుడు కొంచెం అర్థమైంది.

నా గది గురించి తొందరేమీ లేదు వదినా. నిజంగానే లేదు. ట్రాన్స్‌ఫర్‌కు ఈసారి నేను అర్జీ కూడా పెట్టలేదు.

మెడ నొప్పి ఎన్నాళ్ల నుంచి? ఎవరికి చూపించావు? నీ అక్షరాలు ఎప్పుడూ గీతలు దాటి పోవు. ఈ ఉత్తరంలో కాగితం జరిగిపోతున్నట్టు ఒరిగిపోయాయి. ఎడమ చేత్తో కాగితం అదిమి పట్టుకోవడం లేదా?

తిరుమల


మట్టెవాడ
డిసెంబరు

తిరుమలా,

నర్సుకు ఉత్తరం రాయడమంటే దవాఖానకు పోయినట్టే ఉంది. మెడ ఎముక అరిగిందన్నారు, ఎడమ చెయ్యి మీద బరువు పెట్టొద్దన్నారు. దుకాణంలో దర్రీల కట్టలు దించడం మానేశాను. జడ శ్రావణి వేస్తోంది. పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకున్నాను, చలికి బాగుంది. సరేనా?

ఇక ఇండ్ల సంగతి. హంటర్ రోడ్డులో ఒకటి చూశాం. పూల్ డాబా మీద ఉంది. నిలబడి చూస్తే పద్మాక్షి గుట్ట దాకా కనబడుతుంది. ధర చెప్పగానే మీ అన్న గుట్ట చూడడం ఆపేసి లిఫ్టు దగ్గరికి నడిచాడు. కాజీపేటలో ఒకటి మా చేతికి అందేలా ఉంది. పూల్‌కు పెద్ద తాళం వేసి ఉంది. “ఎప్పుడు తీస్తారు?” అని వాచ్‌మన్‌ను అడిగితే, “ఓనర్ బిడ్డ పెండ్లికి తీసిండ్రమ్మా, ఫోటోలు దిగనీకి” అన్నాడు.

భీమారంలో ఒకటుంది. అదే నా కంట్లో ఉంది. పూల్ మరీ పెద్దది కాదు, కానీ దిగడానికి మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఇనుప కడ్డీ ఉంది, చుట్టూ గోడ ఉంది. నేను వంగి నీళ్లలో చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాను. కిషన్ రావు గొంతు తగ్గించి అన్నాడు:

“అక్కా, కుల్లం కుల్లా చెప్త. మీ బడ్జెట్ల మూడు గదులన్న వస్తయ్, పూలన్న వస్తది. రెండు రావు. ఎవలో చుట్టం కోసం ఒక గది ఎందుకు?”

“చుట్టం కాదు, ఆడబిడ్డ” అన్నాను. ఆ ఇల్లు వదిలేసి వచ్చాం.

వచ్చేటప్పుడు మీ అన్న వడ్డేపల్లి చెరువు దగ్గర బండి ఆపి పల్లీలు కొన్నాడు. “ఇంకొన్ని చూద్దాం తీ, వరంగల్‌ల ఇండ్లు ఒడ్సిపోయినయా?” అన్నాడు.

చూస్తూనే ఉంటాం.

వినోద


ఏటూరునాగారం
జనవరి

వదినా,

మొన్న ఏప్రిల్‌లో హైదరాబాదులో మీ చెల్లె ఇంట్లో నెల పైన ఉన్నావు. ఆమెకు ఒంట్లో బాగాలేదని చెప్పావు. తర్వాత దసరాకు కూడా నన్ను రమ్మనలేదు. నేను వస్తానన్న ప్రతిసారీ ఏదో అడ్డు చెప్పావు.

పొడుగు చేతుల జాకెట్టు, బరువెత్తొద్దనడం, జడ వేసుకోలేకపోవడం, కాగితం అదిమి పట్టలేకపోవడం. అన్నీ ఒకే చెయ్యి. మెడ ఎముక అరిగితే చెయ్యి దాచుకోరు, నీళ్ల మీద ఇంత పట్టూ పుట్టదు.

నేను ఊహించింది తప్పైతే నన్ను తిట్టు. తప్పు కాకపోతే ఇక అబద్ధాలు రాయకు. అవి చదవడానికి నేను వారం రోజులు ఎదురుచూస్తున్నాను.

తిరుమల


మట్టెవాడ
జనవరి చివర

తిరుమలా,

తిట్టడానికేమీ లేదు.

పోయిన ఉగాది ముందు స్నానం చేస్తుంటే చేతికి గడ్డ తగిలింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు, చంక కింద గడ్డలు కూడా తీశారు. తర్వాత మందులెక్కించారు. జుట్టు పోయింది, మళ్లీ వస్తోంది. నేను చెప్పిన జడ సవరం జడ. ఇప్పుడు పరీక్షల్లో ఏమీ లేదంటున్నారు. కానీ చెయ్యి వాస్తుంది. భుజం మూసుకుపోయిన తలుపులా ఉంది, చెయ్యి చెవి దాకా కూడా లేవదు. డాక్టరమ్మ కసరత్తులు చెప్పింది, చేస్తున్నాను, ఏడుపొస్తుంది. “మీ దగ్గర పూల్ ఏదన్నా ఉందా? నీళ్లలో చెయ్యి బరువుండదు, అక్కడ కదిలించండి” అన్నది ఆమే.

ఊళ్లో ఈతకొలనుకు ఆడవాళ్ల వేళలో ఒకసారి పోయాను. బట్టలు మార్చుకునేది అందరికీ ఒకటే గది. కాలేజీ ఆడపిల్లలు గలగలా నవ్వుకుంటూ మార్చుకుంటున్నారు. ఎవరూ నన్ను చూడలేదు. అయినా నేను సంచీ విప్పలేకపోయాను. తిరిగొచ్చి మీ అన్నతో తాళం వేసి ఉందని చెప్పాను. మా ఇంట్లోనే బట్టలు మార్చుకొని మెట్లు దిగి నీళ్లలోకి పోగలిగితే ఎంత బాగుండునని అప్పటి నుంచే అనిపించింది. మీ అన్నకు ఈ కారణం తెలుసు. తెలిసే, తెలియనట్టు పూల్ మీద జోకులేస్తాడు. మా ఇద్దరికీ అలాగే సులువుగా ఉంది.

నీకెందుకు చెప్పలేదంటావు. చెబితే ఆ పూటే బస్సెక్కుతావు. సెలవు పెడతావు, నా మంచం పక్కన చాప వేసుకుంటావు. అత్తమ్మ మంచాన పడ్డప్పుడు నువ్వు డ్యూటీ నుంచి వచ్చి ఆమెకు అన్నీ చేశావు. ఆ ఏండ్లలోనే నీకొచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పోయాయి. అప్పుడు నేను శ్రావణిని ఎత్తుకొని, నువ్వున్నావు కదా అని నిశ్చింతగా తిరిగాను. మళ్లీ ఈ ఇంటి మనిషి రోగానికి నిన్ను పిలవాలంటే నోరు రాలేదు.

మూడో గది నాకు సేవ చేయడానికి కాదు తిరుమలా. నీకంటూ ఒక కిటికీ ఉండాలని.

కోపం వస్తే కోపంగానే రాయి. కానీ రాయి.

వినోద


ఏటూరునాగారం
ఫిబ్రవరి

వదినెకు,

రెండు రోజులు కోపంగానే ఉన్నాను. మూడో రోజు ఒక పిల్ల కాన్పుకు వచ్చింది, కోపం పెట్టుకోవడానికి తీరిక దొరకలేదు. తర్వాత వెతికితే కనబడలేదు.

ముందు నర్సు మాటలు. ఆ చేతికి సూది వేయనీయకు, బీపీ చూడనీయకు. రాత్రి పడుకునేటప్పుడు దిండు మీద ఎత్తుగా పెట్టుకో. గోరు చుట్టూ చిన్న గాయమైనా తేలిగ్గా తీసుకోకు.

ఇప్పుడు ఆడబిడ్డ మాటలు. నువ్వొక్కదానివే దాచావనుకోకు.

నాకు ఆ గది వద్దు. వద్దని నవంబరులోనే చెప్పాల్సింది. నువ్వు నాకోసం గోడలు లేపుతుంటే వద్దనడానికి నాకూ నోరు రాలేదు. నేను వరంగల్ రాను వదినా. కొమురెల్లి సార్, నేను పెళ్లి చేసుకుందామనుకుంటున్నాం. ఆయన భార్య పోయి చాలా ఏండ్లయింది, పిల్లలు లేరు. కులం మనది కాదు. అన్న ఏమంటాడో నాకు తెలియదు. ఈ వయసులో ఇదేమిటని ఊరంతా ఏమంటుందో మాత్రం తెలుసు.

ఆయన అడగలేదు, నేనే అడిగాను. ఆ వాగు దాటాక ఒడ్డున కూర్చొని చీర అంచు పిండుకుంటూ, “సార్, మీకు ఒక్కరే ఉండుడు మంచిగనే అనిపిస్తదా?” అన్నాను. ఆయన టీకాల డబ్బా మూత సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసుకొని, “అనిపియ్యదు నర్సమ్మా” అన్నాడు. అంతే. మా ప్రేమకథ ఇదే, నవ్వుకో.

నేను ఎవరికో సేవ చేస్తూ పెళ్లి పోగొట్టుకున్నానని నువ్వు అనుకుంటున్నావు. అమ్మకు చేసినందుకు నాకు బాధ లేదు. ఆ సంబంధాల్లో ఒక్కదానికీ నా మనసు మొగ్గలేదు కూడా. అది నీ మీద వేసుకొని ఇల్లు కొనకు.

భీమారం పో. రెండు గదులదే కొనుక్కో. నేనూ ఆయనా వచ్చినప్పుడు హాల్లో దర్రీ పరిస్తే చాలు, దర్రీల దుకాణం వాళ్లకు అదేమన్నా కొరతా?

అన్నకు నువ్వే చెప్పు. నాకు ధైర్యం చాలడం లేదు.

తిరుమల


భీమారం, హనుమకొండ
ఏప్రిల్

తిరుమలా,

పై చిరునామా చూశావు కదా. వచ్చేశాం. పాలు పొంగించాం. మీ అన్న కొత్త ఇంట్లో లైటు స్విచ్చులు ఇంకా పాత ఇంట్లో ఉన్నచోటే వెతుకుతున్నాడు.

నీ సంగతి ఆయనకు చెప్పాను. రెండు రోజులు మూతి ముడుచుకొని దుకాణానికి పోయొచ్చాడు. మూడో రోజు అన్నం కలుపుతూ ఆగి అడిగాడు.

“గా సారు నీసు తింటడా?”

“తింటడు గావచ్చు.”

“మనింట్ల వండం గదా.”

“వండం. బయట తిని వస్తడు.”

ఇంకో రెండు ముద్దలు తిన్నాక, “మా చెల్లెకు నాతోని చెప్పనీకి భయమైందా?” అన్నాడు. లేచి పోయి చెయ్యి కడుక్కుంటూ చాలా నీళ్లు ఖర్చు చేశాడు. మర్నాడు కొత్తవాడలో మగ్గం దగ్గరికి పోయి హాల్లో పరచడానికి మీకోసం పెద్ద జంబుఖానా నేయమని చెప్పి వచ్చాడు. రంగులు నన్ను అడగలేదు, తానే చెప్పాడట.

ఇప్పుడు నా సంగతి. మేము చూసినప్పుడు పూల్‌లో నీళ్లున్నాయి. మేము దిగేసరికి అడుగున పలకలు కనబడుతున్నాయి. ఎండాకాలం, బోరు అందడం లేదు, నల్లా నీళ్లు రోజు విడిచి రోజు. అది నాకూ అర్థమవుతుంది, తాగే నీళ్లు ముందు. కానీ వానలు పడ్డా ఇక నింపరట. మట్టి పోసి పైన రేకులు వేసి కార్లు పెట్టుకుంటారట. వచ్చే నెల మీటింగులో తీర్మానం. సెక్రటరీ భానుచందర్ గారు మర్యాదస్తుడే. “మీరు కొత్తగ వచ్చిండ్రు, అందరు అనుకున్నదే గిది” అన్నారు.

శ్రావణి నన్ను మాట్లాడమంటోంది. ఏమని మాట్లాడను? నీళ్లు ఎందుకు కావాలంటే ఏం చెప్పను? నా ఆడబిడ్డకు చెప్పడానికే ఏడాది పట్టింది.

రోజూ ఆ ఎండిన గుంత చుట్టూ నడుస్తున్నాను.

వినోద


ఏటూరునాగారం
మే

వదినెకు,

జంబుఖానా కబురు చదివి ఏడ్చాను. సార్ కంగారుపడి నీళ్లు తెచ్చాడు.

మీటింగులో నీ ఒంటి సంగతి చెప్పాల్సిన బాకీ నువ్వు ఎవరికీ లేవు. మోకాళ్ల నొప్పులనో, సరదా అనో, ఏమన్నా చెప్పు. ఏమీ చెప్పకుండా ఊరికే కావాలను. చెప్పాలనిపిస్తే మాత్రం తల దించుకొని చెప్పకు. నేను నా సబ్ సెంటర్‌లో చూస్తుంటాను. రోగం తెచ్చిన నొప్పి కంటే దాన్ని చీర కొంగు కింద దాచే నొప్పికే ఆడవాళ్లు ఎక్కువ అలిసిపోతారు.

జూన్‌లో ములుగులో రిజిస్టర్ పెళ్లి. సాక్షి సంతకానికి అన్న వస్తాడా?

తిరుమల


భీమారం
మే చివర

తిరుమలా,

అన్న వస్తాడు. కొత్త చొక్కా కుట్టించుకుంటున్నాడు.

మీటింగు అయింది. కింద సెల్లారులో కుర్చీలు వేశారు. భానుచందర్ గారు లేచి, “గా గుంతకు నీళ్లు బోసుడు దండుగ. రేకులేస్తే అందరి కార్లు నీడకు ఉంటయ్” అన్నారు. వెనక నుంచి ఎవరో, “అసలు గండ్ల ఎవలు దిగుతాండ్రు?” అన్నారు.

“నేను దిగుత” అన్నాను. నేనే అన్నానా అని నాకే అనుమానం వచ్చింది. కొందరు నవ్వారు. “గీ వయసుల మీకెందుకమ్మా?” అన్నాడు ఆ వెనకాయన, వెక్కిరింతగా కూడా కాదు, మామూలుగానే.

మోకాళ్ల నొప్పులని చెప్పాలనే లేచాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“నాకు క్యాన్సర్ అయింది. ఎడమ రొమ్ము తీసేసిండ్రు. చెయ్యి లేస్తలేదు, నీళ్లల్ల లేస్తదని డాక్టరమ్మ చెప్పింది. గా నీళ్ల కోసమే నేను గీ ఇల్లు కొన్న.”

ఎవరూ నవ్వలేదు. కొందరు నేల చూశారు, కొందరు ఫోన్లు చూశారు. నేను మాత్రం తల దించలేదు, నీ మీద ఒట్టు. అప్పుడు మీ అన్న లేచాడు. ఇంట్లో జోకులేసే మనిషికి పదిమందిలో మాట పెగలదని నీకు తెలుసు. గొంతు సవరించుకొని, “మాకు కారు లేదు. మా పార్కింగ్ జాగ మీరే వాడుకోండ్రి, రాసిమ్మంటే రాసిస్త. గా నీళ్లు మాత్రం ఉంచుండ్రి” అన్నాడు.

నాలుగో అంతస్తులో ఉండే శారదమ్మ గారు చేతికర్ర ఊతంగా లేచింది. “మా జాగ గూడ తీస్కోండ్రి. మా ఆయన పోయినంక గా కారు దుమ్ము వట్టి ఉన్నది. నాక్కూడ మోకాళ్లు వంగుతలెవ్వు బిడ్డా, నీళ్లల్ల వంగుతయా?” అని నన్ను అడిగింది. తెలియదమ్మా, దిగి చూద్దాం అన్నాను.

తర్వాత చాలా గొడవైంది. ఒకాయన కోపంగా వెళ్లిపోయాడు, ఇప్పటికీ లిఫ్టులో నాతో మాట్లాడడు. చివరికి చేతులెత్తమన్నారు. నీళ్లు ఉంచాలని ఎత్తిన వాళ్లు కొద్ది తేడాతో ఎక్కువ. నేను కుడి చెయ్యి ఎత్తాను. వానలు పడి, నల్లా నీళ్లు రోజూ రావడం మొదలయ్యాక నింపుతారు. పొద్దున ఒక గంట ఆడవాళ్లకే.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. భయంతో కాదు. ఏదో పెద్ద మూట దించి వచ్చినట్టు ఒళ్లంతా తేలిగ్గా ఉండి, అలవాటు లేక.

వినోద


భీమారం
జూలై

తిరుమలా,

ములుగులో దండలు మార్చుకున్నాక నువ్వు నన్ను మొదట అడిగింది, నీళ్లొచ్చాయా అనే. ఇంకా లేదన్నాను. ఇప్పుడు చెబుతున్నాను, వచ్చాయి.

వారం రోజులు వాన దంచింది. శుక్రవారం నింపారు. ఆదివారం పొద్దున శ్రావణి నాకు నైలాన్ పైజామా, మోచేతుల కింది దాకా ఉండే కుర్తా వేసింది. లిఫ్టులో దిగుతుంటే పెళ్లికూతురిలా సిగ్గేసింది. శారదమ్మ గారు అప్పటికే గట్టు మీద కూర్చొని కాళ్లు నీళ్లలో పెట్టుకొని ఉంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకామె నా కుర్తా ఎడమ వైపు చూసింది, చూసి, “జర జారుతాంది అక్కా, మెల్లగ” అని చెయ్యి అందించింది.

నీళ్లు చల్లగా ఉన్నాయి. కడ్డీ పట్టుకొని మెట్టు మెట్టు దిగాను. నడుము దాకా వచ్చేసరికి ఊపిరి ఆగినట్టైంది. భుజాల దాకా వచ్చాక కుడిచేత్తో కడ్డీ గట్టిగా పట్టుకొని, ఎడమ చేతిని వదిలేశాను. నేను లేపలేదు తిరుమలా. అదే లేచింది. మెల్లగా, నిద్రలో పిల్లలు చెయ్యి చాపినట్టు, నీళ్ల పైదాకా వచ్చి అక్కడ నిలబడింది. ఏడాదిగా నేను మోస్తున్న చెయ్యి. దాన్ని అలా చూస్తూ ఉండిపోయాను. నొప్పి పోలేదు, ఉంది. కానీ చెయ్యి కూడా ఉంది.

ఆడవాళ్ల గంట కాబట్టి మీ అన్నను లోపలికి రానీయలేదు. తువ్వాలు పట్టుకొని గేటు బయట, ఇటు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అటు తిరిగే అరిచాడు.

“వినోదా! లోతుకు పోకే!”

“పోతలేను” అని, ఇంకో అడుగు ముందుకు వేశాను.

వినోద